రెండంతస్తుల ఊపు, 400 గ్రాముల బరువు: రాయగడ ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

బల్ల మీద పట్టేంత రెండంతస్తుల ఫ్రేము ఒకటి కట్టాలి. దాన్ని ఊపి వదిలితే, పై అంతస్తులో ఉన్న చిన్న బరువును మోటారు అటూ ఇటూ నడిపి ఆ ఊపును చంపెయ్యాలి. మేం తలకెత్తుకున్న పని ఇదే. దీన్నే యాక్టివ్ వైబ్రేషన్ కంట్రోల్ అంటారు. కట్టడాలకు ఇలా చేయొచ్చన్న ఆలోచనను జె.టి.పి. యావో అనే ఇంజనీరు 1972లో ఒక పత్రంగా రాశాడు. 1989లో టోక్యోలో క్యోబాషి సీవా అనే 11 అంతస్తుల సన్నటి భవనంలో అది మొదటిసారి నిజంగా అమలైంది. భవనం పైభాగంలో రెండు బరువులు పెట్టారు. 4 టన్నులది అడ్డంగా వచ్చే ఊపుకి, 1 టన్నుది భవనం మెలితిరగడానికి.

నేను ఒడిశాలోని రాయగడలో ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ పని చేస్తాను. ఫ్యాన్లు, పంపుల బేరింగుల మీద సెన్సర్ పెట్టి వైబ్రేషన్ చూడటం రోజూ ఉండేదే. యంత్రం ఊగితే బ్యాలెన్సింగ్ చేస్తాం, ఫౌండేషన్ బోల్టులు బిగిస్తాం. ఊగుతున్న వస్తువుకి అప్పటికప్పుడు ఎదురు బలం ఇచ్చి ఆపడం మాత్రం నా చేతులతో చేసి చూడాలని చాలాకాలంగా కోరిక. గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కావాలి. ప్రోగ్రాం వాడిది, ఇనుప పని నాది.

ఊరి దగ్గర నాగావళి మీద వేలాడే వంతెన ఉంది కాబట్టి, ఊపు అనగానే ఇక్కడ అందరికీ ముందు అదే గుర్తొస్తుంది. పనిలో దిగే ముందు లండన్ మిలీనియం బ్రిడ్జి సంగతి వాడికి వివరంగా చెప్పాను. 2000 జూన్ 10న దాన్ని తెరిచారు, రెండు రోజులకే మూసేశారు. మనిషి సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాడు. ఒక అడుగు ఎడమకి తోస్తే రెండోది కుడికి తోస్తుంది కాబట్టి పక్కకి పడే తోపు సెకనుకు ఒకసారి వస్తుంది. వంతెన పక్కకి ఊగే వేగం ఆ దరిదాపుల్లోనే ఉండటంతో, జనం పడిపోకుండా కాళ్లు ఎడంగా వేస్తూ తెలియకుండానే వంతెనతో కలిసి ఊగి, ఊపును ఇంకా పెంచేశారు. 37 విస్కస్ డ్యాంపర్లు (జిగట ద్రవంతో ఊపును తగ్గించేవి), 52 ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లు (కట్టడం ఊపుకి సరిపడేలా ఊగే బరువులు) బిగించి 2002లో మళ్లీ తెరిచారు. వాటిలో ఒక్కదానికీ మోటారు లేదు, కరెంటు లేదు. “మరి మనకెందుకు మావయ్యా మోటారు?” అన్నాడు వాడు. మంచి ప్రశ్న. జవాబు బల్ల మీదే తేల్చుకుందాం అన్నాను.

జూన్ మూడో వారం

స్తంభాలకి 30 సెం.మీ. స్టీలు స్కేళ్లు. వెడల్పు 25 మి.మీ., మందం 1 మి.మీ. అంతస్తుకి నాలుగు చొప్పున ఎనిమిది. ఇలాంటి స్కేలు వెడల్పు వైపు అసలు వంగదు, మందం వైపు బాగా వంగుతుంది. అందుకని ఫ్రేము ఒక్క దిక్కులోనే ఊగుతుంది. మనకి కావలసింది అదే.

కింది అంతస్తుకి 20 సెం.మీ. చదరం, 10 మి.మీ. మందం ఉన్న ఇనుప పలక. తూకం 3 కిలోల పైచిలుకు. పై అంతస్తుకి ప్లైవుడ్ పలక. మోటారు, గైడు, బరువు అన్నీ దాని మీద పెట్టాక 3 కిలోలకి తక్కువైనంత వాషర్లు వేసి సరిపెట్టాం.

అసలు పనంతా స్కేలు చివర పట్టులోనే ఉంది. మా లేతు మేస్త్రి మొదట స్కేలుకి చిల్లులు వేసి రెండేసి బోల్టులతో బిగించేద్దామన్నాడు. వద్దని చెప్పి, స్కేలుకి అటూ ఇటూ మందపాటి ఫ్లాటు ముక్కలు పెట్టి నొక్కి పట్టించాను. పట్టు వదులుగా ఉంటే స్కేలు చివర కొద్దికొద్దిగా జారుతుంది. ఆ రాపిడిలో శక్తి పోయి ఊపు త్వరగా తగ్గుతుంది. చూసేవాళ్లకి డ్యాంపింగ్, అంటే ఊపుని తగ్గించే గుణం, బాగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ అది దొంగ డ్యాంపింగ్. కనిపెట్టడం తేలికే. పెద్దగా ఊపినప్పుడు, మెల్లగా ఊపినప్పుడు ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని ఊపులన్నది) ఒకటే రావాలి. పెద్ద ఊపులో ఫ్రీక్వెన్సీ పడిపోతే ఎక్కడో పట్టు జారుతున్నట్టు. ఫ్యాక్టరీలో ఫౌండేషన్ బోల్టు వదులైందని కనిపెట్టేటప్పుడూ దాదాపు ఇలాగే చూస్తాం.

పట్టు మధ్య స్కేలు నికరంగా 25 సెం.మీ. ఉంది. రెండు చివరలూ బిగించిన స్తంభం పక్కకి ఇచ్చే బిగువు 12ఈఐ బై ఎల్ ఘనం (ఈ అంటే లోహం గట్టిదనం, ఐ అంటే అడ్డకోత ఆకారం లెక్క, ఎల్ అంటే పొడవు). ఉక్కుకి 200 గిగాపాస్కల్ వేస్తే ఒక్కో స్కేలుకి మీటరుకి 320 న్యూటన్లు, నాలుగింటికి 1280. సమానమైన అంతస్తులు రెండు ఉంటే మొదటి ఊపు 2.0 హెర్ట్జ్ (సెకనుకి రెండు ఊపులు), రెండోది 5.3 హెర్ట్జ్ రావాలి. మొదటి ఊపులో రెండంతస్తులూ ఒకే వైపుకి వంగుతాయి. రెండోదాంట్లో కిందిది కుడికి పోతే పైది ఎడమకి పోతుంది.

కొలిస్తే మొదటిది 1.8, రెండోది 4.9 వచ్చాయి. మేనల్లుడికి టెన్షన్ పట్టుకుంది, స్కేలు మందం మళ్లీ మళ్లీ కొలిచాడు. మందం సరిగ్గానే ఉంది. తేడా తెచ్చింది బరువు. ఫ్రేము పక్కకి వంగినప్పుడు నెత్తి మీది బరువు దాన్ని అదే వైపుకి ఇంకా వంచుతుంది కాబట్టి స్తంభం బిగువు ఆ మేరకు తగ్గుతుంది. కింది స్కేళ్ల మీద 6 కిలోల భారం ఉంది. ఆ నాలుగు స్కేళ్లూ కలిసి సుమారు 27 కిలోల దగ్గర కూలబడిపోతాయి. ఆ లెక్కన కింది అంతస్తు బిగువులో 22 శాతం పోయినట్టు. ఇది కలిపి చూస్తే 1.82, 4.93 వచ్చాయి. లెక్క, కొలత ఇలా కలిస్తే కలిగే ఆనందం వేరు. నిజం భవనాలకీ ఇదే వర్తిస్తుంది, డిజైనర్లు దీన్ని పీ-డెల్టా అంటారు.

ఊపి వదిలితే 22 ఊపులకి సగం తగ్గుతోంది. అంటే, అసలు ఊగకుండా నేరుగా నిలబడిపోయేంత డ్యాంపింగ్‌ని నూరు శాతం అనుకుంటే, డ్యాంపింగ్ అర శాతం. పదో వంతుకి రావడానికి 40 సెకన్లు పడుతుంది. ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఆ 40 సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

జులై, రథయాత్ర సెలవులు

సామాన్లు విశాఖ నుంచి రైల్లో వచ్చాయి. నెమా 17 స్టెపర్ మోటారు (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగేది), జీటీ2 బెల్టు, 20 పళ్ల పుల్లీ, మోటారుని నడిపే టీఎంసీ2209 డ్రైవరు, ప్రోగ్రాం నడిచే ఈఎస్‌పీ32 బోర్డు, కదలిక కొలిచే ఎంపీయూ6050 సెన్సరు. పుల్లీ ఒక్క చుట్టుకి బెల్టు 40 మి.మీ. కదులుతుంది. ఎనిమిదో వంతు మైక్రోస్టెప్పులో నడిపితే మిల్లీమీటరుకి 40 స్టెప్పులు. గైడు మీద బెల్టు లాగే బండి మీద 400 గ్రాముల ఇత్తడి దిమ్మ.

12 వోల్టుల మీద మోటారు వేగం అందుకోలేక స్టెప్పులు తప్పుతోంది. 24కి మార్చాం.

జులై రెండో సగం

సూత్రం చెప్పడానికి సులువే. పై అంతస్తు ఎంత వేగంతో కదులుతోందో దానికి అనులోమంగా, ఎదురు దిక్కులో బలం ఇవ్వాలి. వేగానికి ఎదురుగా ఇచ్చిన బలం ఎప్పుడూ శక్తిని లాగేసుకుంటుంది. అంతస్తుని నెట్టడానికి మాకు పక్కన గోడ లేదు కాబట్టి దిమ్మనే ఊతంగా వాడాలి. దిమ్మని మోటారు కుడికి తోస్తే, ఆ తోపుకి ప్రతిగా అంతస్తు మీద ఎడమకి బలం పడుతుంది.

చూడటానికి ఇది ఎలా ఉండాలన్నది ముందే కాగితం మీద గీసుకున్నాం. అంతస్తు కుడి చివరకి చేరి ఒక్క క్షణం ఆగినప్పుడు దిమ్మ గైడు మధ్యలో ఉండి, పూర్తి వేగంతో కుడికి పోతూ ఉండాలి. అంతస్తు వెనక్కి తిరిగి మధ్యకి వచ్చేసరికి దిమ్మ కుడి చివరకి చేరాలి. అంటే పావు ఊపు వెనకబడి నడవాలి. కావడి మోసేవాడు కుండలు ఊగుతున్నప్పుడు అడుగు కొంచెం మార్చి వేస్తాడే, అదే పద్ధతి. ఎంత బలంగా వేశాడన్నది తర్వాత సంగతి, ముందు ఎప్పుడు వేశాడన్నది చూడాలి. ఫోనులో స్లోమోషన్ తీసి ఒక్కో ఫ్రేము జరుపుతూ చూస్తే దిమ్మ సరిగ్గా ఆ పావు ఊపు వెనకే నడుస్తోంది.

సెన్సరు మనకిచ్చేది త్వరణం. దాన్ని కూడుతూ పోతే వేగం, మళ్లీ కూడితే స్థానం. ఇక్కడే అందరికీ ఎదురయ్యే చిక్కు ఉంది. సెన్సరు వెంట్రుకవాసి వాలి ఉన్నా భూమ్యాకర్షణ తాలూకు కొంచెం భాగం త్వరణంలా కనిపిస్తుంది. దాన్ని కూడుతూ పోతే దిమ్మ మెల్లగా పాక్కుంటూ గైడు చివరకి వెళ్లి కూర్చుంటుంది. అందుకని 0.2 హెర్ట్జ్ కంటే నెమ్మదైనదేదీ లోపలికి రాకుండా రెండు చోట్ల హైపాస్ ఫిల్టరు పెట్టాం. దీనికీ ఖర్చుంది. 1.8 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఫిల్టరు సంకేతాన్ని 6 డిగ్రీలు (ఒక పూర్తి ఊపు 360 డిగ్రీలు) ముందుకి జరుపుతుంది. ఇంకోవైపు సెన్సరు లోపలి ఫిల్టరుని 44 హెర్ట్జ్ దగ్గర పెడితే 4.9 మిల్లీసెకన్ల ఆలస్యం. దానికి లెక్కలు, మోటారు కలిపితే మొత్తం 10 దాకా వస్తుంది, అది 6 డిగ్రీలు వెనక్కి లాగుతుంది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. మిగిలిన తేడా భరించదగినదే.

అంతస్తు 10 మి.మీ. ఊగితే దిమ్మ 30 మి.మీ. కదిలేలా గెయిన్ (మోటారు ఎంత గట్టిగా స్పందించాలన్న అంకె) పెట్టాం. లెక్కకి 14 శాతం డ్యాంపింగ్ రావాలి. చేతికి వచ్చింది 12. అంటే ఒక్కో ఊపుకి సగానికి పైగా చచ్చిపోతుంది. ఫ్రేముని పట్టి లాగి వదిలితే రెండు మూడు సార్లు కదిలి నిలబడిపోతోంది. 40 సెకన్లు ఊగిన ఫ్రేము ఇదేనా అనిపించింది. మేనల్లుడు స్విచ్ వేసి, తీసి, మళ్లీ వేసి, వాళ్లమ్మని పిలిచి చూపించాడు.

ఆగస్టు, రెండో వారం

ఈ నెలంతా పెట్టాలనుకున్న పరీక్ష ఆలస్యం మీద. మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ప్రోగ్రాంలో చిన్న బఫరు పెట్టి, దిమ్మకి వెళ్లే ఆజ్ఞను కావాలనే ఆలస్యం చేశాం. 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుకుంటూ పోయాం. 20 దగ్గర, 30 దగ్గర పెద్ద తేడా లేదు. 50 దగ్గర మొదటి ఊపు ఇంకా బాగానే ఆగుతోంది, కాకపోతే చివర్లో ఒక సన్నని వణుకు మిగులుతోంది. మొత్తం ఆలస్యం 60 దాటగానే, ఎవరూ ముట్టుకోకుండానే, ఫ్రేము దానంతట అదే వణకడం మొదలెట్టింది. కింది పలక ఒకవైపు, పై పలక ఇంకోవైపు. వణుకు పెరుగుతోంది. దిమ్మ గైడు చివర లిమిట్ స్విచ్‌కి తగిలి మోటారు ఆగిపోయాక గానీ తగ్గలేదు.

“మావయ్యా, మొదటిది ఆపుతూనే రెండోదాన్ని రేపుతోంది!” అన్నాడు. నిజం అదే. 60 మిల్లీసెకన్లంటే 1.8 హెర్ట్జ్ ఊపులో 39 డిగ్రీలు. ఆ మాత్రం వెనకబడినా బలం ఇంకా ఎదురు దిక్కులోనే ఉంటుంది. అదే 60 మిల్లీసెకన్లు 4.9 హెర్ట్జ్ ఊపులో 106 డిగ్రీలు. 90 దాటితే ఎదురుబలం కాస్తా తోడు బలమైపోతుంది. ఫ్రేముకి సొంతంగా ఉన్న అర శాతం డ్యాంపింగ్ కొంతవరకు కాపు కాస్తుంది, అది దాటాక ఊపు పెరగడమే. ఆ పెరిగే శక్తి మా గోడ సాకెట్ నుంచే వస్తోంది.

మామూలు డ్యాంపరు ఎంత పాడైనా ఊపు తగ్గించడం మానేస్తుందే తప్ప పెంచదు. మోటారు ఉన్నది మాత్రం పెంచగలదు. కట్టడాల ఇంజనీర్లు దీన్ని చూసి వెనకాడటంలో న్యాయం ఉందని నాకు ఆరోజు బాగా అర్థమైంది. ఫ్రేములో మనం ఆపదలచుకోని ఊపులు ఎప్పుడూ ఉంటాయి. వాటి దగ్గర మన ఆలస్యం ఎన్ని డిగ్రీలవుతుందో చూసుకోకుండా గెయిన్ పెంచకూడదు. ప్రోగ్రాంలో కాపలా ఒకటి రాశాం. 4 హెర్ట్జ్ పైన కదలిక వరసగా పెరుగుతుంటే గెయిన్ దానంతట అదే సున్నాకి వెళ్లిపోతుంది.

ఆగస్టు చివర

వానలు. కరెంటు వస్తూ పోతూ ఉంది. పని సాగలేదు, కానీ ఒక పరీక్ష తప్పించుకోలేకపోయాం. ఫ్రేము ఊగుతుండగా కరెంటు పోతే ఏమవుతుంది?

ప్లగ్గు లాగి చూశాం. దిమ్మ ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. డ్యాంపింగ్ మళ్లీ అర శాతం. 400 గ్రాములు వట్టి మోత.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా పక్కనున్న గజపతి జిల్లా, అవతల శ్రీకాకుళం జిల్లా ఎంత దెబ్బతిన్నాయో ఇక్కడ అందరికీ తెలుసు. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. కట్టడానికి ఊపు ఎక్కువగా వచ్చేది గాలివానలోనే, కరెంటు పోయేదీ అప్పుడే. ఇన్వర్టర్ పెట్టొచ్చు, జనరేటర్ పెట్టొచ్చు. కానీ అవసరమైన ఆ పది నిమిషాలకే చేతులెత్తేసే ఏర్పాటుని మా జిల్లాల్లో ఏ కట్టడం మీదా పెట్టమని నేను చెప్పలేను. జూన్‌లో మేనల్లుడు అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడ దొరికింది.

సెప్టెంబరు మొదటి వారం

మోటారు పక్కన పెట్టి లోలకం కట్టాం. తైవాన్‌లోని తైపే 101 భవనంలో 660 టన్నుల గోళం వేలాడుతోందే, అదే సూత్రం. పై అంతస్తు నుంచి అదే 400 గ్రాముల దిమ్మని వేలాడదీయాలి. మొదటి ఊపులో పాల్గొనే బరువు దాదాపు 4.3 కిలోలు. దిమ్మ అందులో 9 శాతం. ఇలాంటి డ్యాంపర్లకి డెన్ హార్టాగ్ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రం ప్రకారం లోలకం ఫ్రీక్వెన్సీ ఫ్రేము కంటే కొంచెం తక్కువ, 1.67 హెర్ట్జ్ ఉండాలి. దానికి పొడవు 9 సెం.మీ. చాలు. లోలకానికి సొంత డ్యాంపింగ్ 18 శాతం కావాలి. పాత హార్డ్ డిస్కుల్లోంచి తీసిన అయస్కాంతాలు దిమ్మ అడుగున అంటించి, కింద 3 మి.మీ. అల్యూమినియం రేకు పెట్టాం. అయస్కాంతం రేకు మీదుగా పోతుంటే రేకులో సుడి కరెంటు పుట్టి దాన్ని వెనక్కి లాగుతుంది. ఎక్కడా రాపిడి లేదు, నూనె లేదు. రేకుని పైకీ కిందికీ జరిపి గ్యాప్ సరిచేసుకున్నాం.

7 శాతం దాకా వచ్చింది. ఒక్క వైరు లేకుండా!

తర్వాత పై అంతస్తు మీద కిలో బియ్యం మూట పెట్టాం. ఫ్రేము ఫ్రీక్వెన్సీ 1.6 దగ్గరకి దిగింది, లోలకం మాత్రం 1.67 దగ్గరే ఉంది. ఊపు ముందంత త్వరగా ఆగలేదు. అదే మూటతో మోటారు పద్ధతిని నడిపితే పెద్ద తేడా లేదు. అది ఫ్రీక్వెన్సీని నమ్ముకోలేదు, వేగాన్ని చూసి పనిచేస్తుంది. మోటారు ఎందుకన్నదానికి మిగతా సగం జవాబు ఇది. వంతెన మీద జనం మారుతుంటారు, నీళ్ల ట్యాంకు నిండుతుంది, ఖాళీ అవుతుంది.

సెప్టెంబరు చివర

రెండూ కలిపాం. గైడుని పై పలక అడుగున తలకిందులుగా బిగించి, లోలకాన్ని బండికే వేలాడదీశాం. మోటారు ఇప్పుడు లోలకం పైకొనను జరుపుతుంది. బండికి రబ్బరు బ్రేకు పెట్టాం. కరెంటు ఉన్నంతసేపు సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతం) దాన్ని లాగి పట్టుకుంటుంది. పోగానే స్ప్రింగు రబ్బరుని గైడు మీదికి నొక్కేస్తుంది. బండి అక్కడే ఆగిపోతుంది, లోలకం తన పని తాను చేసుకుంటుంది.

జపానులో ఇలాంటి వాటిని హైబ్రిడ్ మాస్ డ్యాంపర్లు అంటారు. టోక్యోలో సెండగాయా ఇంటెస్ అనే భవనంలో 1991లో పెట్టినదాంట్లో బరువు కోసం కొత్తగా ఇనుము ఎక్కించలేదు. ఏసీ కోసం ఎలాగూ పైన ఉండే మంచు ట్యాంకులనే కదిలే బరువుగా వాడుకున్నారు. నాకు ఈ పని చాలా నచ్చింది. మన మేడల మీద ట్యాంకులు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

ఫలితం: కరెంటు ఉంటే 12 శాతం, మధ్యలో ప్లగ్గు లాగితే 7. మూట పెట్టి, కరెంటు ఉంచితే 10కి తగ్గలేదు. మోటారు గెయిన్ ముందున్నదానిలో సగమే పెట్టాం. భారం లోలకం మోస్తోంది కాబట్టి మోటారుకి అంత అవసరం పడలేదు. గెయిన్ సగమయ్యేసరికి ఆలస్యానికీ ఓపిక పెరిగింది. 60 మిల్లీసెకన్ల దగ్గర ఇప్పుడు వణుకు రావడం లేదు. హైబ్రిడ్ వల్ల కరెంటు బెంగ తీరుతుందని మొదలుపెట్టాం, ఆగస్టులో భయపెట్టిన రెండో ఊపు కూడా దాంతోనే లొంగింది.

మేనల్లుడు కాలేజీకి ఫ్రేము పట్టుకెళ్తున్నాడు. స్కేళ్లు విప్పకుండా, రెండు పలకల మధ్య చెక్క దిమ్మలు ఇరికించి, తాడు కట్టి ఇచ్చాను. అక్కడికి వెళ్లాక దిమ్మలు తీసి, ముందు అన్నీ ఆపేసి వట్టి ఫ్రేము ఫ్రీక్వెన్సీ కొలవమన్నాను. 1.8 రాకపోతే దారిలో ఎక్కడో పట్టు జారినట్టు. తర్వాతి పని కింది అంతస్తు మీద రెండో సెన్సరు. పైది, కిందిది కలిపి చూస్తే మొదటి ఊపుని, రెండో ఊపుని విడివిడిగా గుర్తించి, మోటారుని మొదటిదానికి మాత్రమే స్పందించేలా చేయొచ్చు. సెన్సరు తెప్పించాం, వైరు ఇంకా కలపలేదు.